మీటకు పెట్టిన కుంకుమ

మా నాయన సింగపూర్‌కు వచ్చిన కొద్ది రోజులకే మా జురాంగ్ వెస్ట్ ఫ్లాట్‌లో వంటింటి వెనక చోటును తన కొట్టుగా మార్చేసుకున్నాడు. బట్టలు ఆరేసే కడ్డీల కింద, వాషింగ్ మెషిన్ పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు, దాని మీద పాత తువ్వాలు, తువ్వాలు మీద చిన్నా పెద్దా ఆకురాళ్లు. పొద్దున కాఫీ తాగి అక్కడ కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా లేచేవాడు కాదు. ఇనుము మీద ఆకురాయి గరగరలాడే ఆ చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు. అది వినిపిస్తోందంటే ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారని నా లెక్క.

మాది కడప జిల్లాలో అడవి అంచున ఉన్న ఒక చిన్న టౌను. అక్కడ నాయనకు తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉంది. పంట మీద పడే అడవి పందుల్ని బెదరగొట్టడానికి రైతుల దగ్గర తుపాకులు ఉండేవి. గొట్టంలో మందు పోసి, కడ్డీతో దట్టించి పేల్చే పాత రకం. రిపేరుకు వచ్చినవి మా వసారాలో చీపురు కట్టల్లాగా గోడకు ఆనించి ఉండేవి. వాటి పక్కనే చాప వేసుకుని నేను ఎక్కాలు వల్లె వేసుకున్నాను. తుపాకీ అంటే నాకు భయం ఉండేది కాదు. బల్లి అంటే భయం, లెక్కల టీచరంటే భయం.

సింగపూర్ వచ్చాక ఆ ధైర్యమంతా ఎటు పోయిందో పోయింది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో నా ఉద్యోగం. ఎక్కడ ఎవరు ఏ నియమం తప్పారో వెతకడమే నా పని. పిరికితనానికి జీతమిచ్చే ఉద్యోగం నీ ఒక్కదానికే దొరికింది అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఏం చేయను, మంచినీళ్లు తాగినా జరిమానా పడే ఇక్కడి రైల్లో గొంతు తడుపుకోవాలన్నా నేను అటూ ఇటూ చూస్తాను. "అమ్మ ఆల్వేస్ స్కేర్డ్ వన్ లా" అంటుంది మా పాప. దాని నోటికి తాళం లేదు.

మా ఆయనది గుంటూరు వైపు. ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న వర్క్‌షాపులో, ప్లాస్టిక్ వస్తువులకు అచ్చులు చేసే చోట, పని చేస్తాడు. ఒకరోజు నాయన ఆయన్ని నాలుగు ఉక్కు ముక్కలు తెచ్చిపెట్టమన్నాడు. మావాళ్లలో అల్లుడు మామగారిని ఎందుకు అని అడగడు. అడిగితే పెద్దమనిషిని నిలదీసినట్టు ఉంటుంది. మా ఆయన తన సూపర్‌వైజర్‌ను అడిగి, తుక్కు డబ్బాలోంచి మంచివి ఏరి తెచ్చి, తాంబూలం ఇచ్చినట్టు రెండు చేతులతో ఇచ్చాడు. ఊరికే కూర్చోలేని మనిషి, గడియో గొళ్లెమో చేసుకుంటున్నాడులే అనుకున్నాం ఇద్దరం.

ఆయన చేస్తున్నది అగ్గిపెట్టెలో పట్టేంత వస్తువు. రెండు రేకుల నడుమ చిన్న చిన్న కొక్కేలు, పళ్లు, వాటిని పట్టుకునే సన్నని స్ప్రింగు. భూతద్దం కంటికి బిగించుకుని రెండు సార్లు రుద్దేవాడు, తుడిచేవాడు, వెలుతురుకు ఎత్తి చూసేవాడు, మళ్లీ ఒక్కసారి రుద్దేవాడు. అందులో ఏదో ఒకటి కుదరక, చేసినదంతా పక్కన పడేసి మొదటికి వచ్చేవాడు. ఒకసారి స్ప్రింగును మా గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి వంటనూనెలో ముంచితే ఇల్లంతా కమురు పట్టింది. పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ వచ్చి తలుపు కొట్టి "సమ్‌థింగ్ బర్నింగ్ ఆ?" అంది. వంకాయ కాలుస్తున్నాం ఆంటీ అని పంపేశాను. ఆవిడ మా వంకాయ పచ్చడి మీద ఇప్పటికీ జాలిపడుతూనే ఉంటుంది.

ఇంతలో దసరా వచ్చింది. నవమి నాడు ఆయుధ పూజ చేయకుండా మా నాయన నీళ్లు కూడా తాగడు. ఇక్కడ దసరాకు సెలవు ఉండదు కాబట్టి ఆఫీసులకు, బడికి పోకముందే పూజ కానిచ్చాం. మిక్సీ, నా ల్యాప్‌టాప్, మా ఆయన కొలతలు తీసుకునే పరికరం, వంటింటి కత్తి, పాప తొక్కే స్కూటరు అన్నింటికీ బొట్లు పెట్టాం. నాయన తన ఆకురాళ్లను కడిగి తుడిచి వరసగా పేర్చి, వాటి నడుమ తమలపాకు వేసి, దాని మీద తాను చేసిన వస్తువును పెట్టి పసుపు, కుంకుమ దిద్దాడు. నేను వంటింట్లో పాప టిఫిన్ డబ్బా సర్దుతున్నాను. హాల్లో నాయన అల్లుడికి ఏదో వివరిస్తున్నాడు, అల్లుడు ఓహో అంటున్నాడు. మామా అల్లుళ్లకు మాట కలిసిందని నేను సంతోషించాను.

ఆఫీసుకు రైల్లో తనా మేరా స్టేషన్ వైపు వెళ్తూ ఫోన్ తీశాను. మా తెలుగువాళ్లకు ఇక్కడ ఒక పెద్ద వాట్సాప్ గ్రూపు ఉంది. షిప్‌యార్డులో పనిచేసే తమ్ముళ్ల నుంచి బ్యాంకు మేనేజర్ల దాకా వందల మంది. సగం మంది మొహాలు నేనెప్పుడూ చూడలేదు. పండగ వస్తే ప్రతి ఇంటివాళ్లూ తమ పూజ ఫొటో అందులో పెట్టాల్సిందే, పెట్టకపోతే పండగ చేసుకోనట్టే. కార్లకు కట్టిన నిమ్మకాయలు, రైస్ కుక్కర్ల మీద బొట్లు, పూలదండ వేసిన డ్రిల్లింగ్ మెషిను. చూస్తూ నవ్వుకుంటూ పోతుంటే మా ఇంటి ఫొటో వచ్చింది. మా ఆయన పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మా మామగారు స్వయంగా చేత్తో తయారు చేసిన పిస్టల్ ట్రిగ్గర్. అందరికీ ఆయుధ పూజ శుభాకాంక్షలు."

ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చదివాను. ఫొటో కింద చప్పట్లు కొట్టే చేతుల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. "సూపర్ అన్నా", "అంకుల్‌కు పాదాభివందనాలు". ఆ పొగడ్తల కింద, నేనెరగని ఒక నంబరు నుంచి, ఒకే ఒక ప్రశ్న: "ఇది నిజం పిస్టల్‌దేనా అండీ? ఇక్కడ పర్వాలేదా?"

పర్వాలేదా! ఈ దేశంలో తుపాకీ అన్న మాటకు ఉన్న శిక్షలు చిన్నవి కావు. తుపాకీ ఒక్కటే కాదు, దాని భాగం దగ్గరున్నా నేరమేనని ఎక్కడో చదివిన గుర్తు. ఎక్కడ చదివానో, ఎంతవరకు నిజమో గుర్తు రాలేదు. సరిగ్గా తెలియకపోవడంతో భయం ఇంకా పెరిగింది. మా ఆయనకు ఫోన్ చేశాను. పనిలో ఉన్నంతసేపూ ఆయన ఫోన్ లాకర్లో ఉంటుంది. ఆ ఫొటో తీసేయండి అని మెసేజ్ పెట్టాను, చూసుకోలేదు. నాయనకు చేశాను, మోగి మోగి ఆగిపోయింది. రాఫెల్స్ ప్లేస్‌లో జనం తోసుకుంటూ దిగుతుంటే వాళ్లతో పాటు దిగిపోయి, ఎదురు రైలు ఎక్కాను. పాపకు జ్వరమని ఆఫీసుకు చెప్పాను.

వెనక్కి వచ్చే రైలు ఎప్పటిలాగే పోతోంది, నాకే స్టేషన్లు కదలడం లేదు. అనుమానంగా ఏది కనిపించినా చెప్పండి అని పైనున్న తెర పదే పదే చెబుతోంది. రోజూ వినే మాటే, ఆ రోజు నన్ను చూసి అన్నట్టే వినిపించింది. ఒక స్టేషన్లో ఇద్దరు పోలీసులు ఎక్కి, మా పెట్టెలోంచి నెమ్మదిగా నడిచి అవతలికి వెళ్లారు. నా దగ్గర ఏమీ లేదు. అయినా హ్యాండ్‌బ్యాగ్‌ను గుండెకు అదుముకున్నాను.

ఇంట్లో నాయన లేడు. ఆకురాళ్లు ఉన్నాయి, మిక్సీ ఉంది, తమలపాకు మీద కుంకుమ మరక ఉంది. దాని మీది వస్తువు లేదు. పోలీసులు వచ్చి తీసుకుపోయారేమో అనుకున్నాను. ముందు తలుపు తాళం వేసే ఉంది కదా అన్న ఆలోచన లిఫ్టులో దిగేటప్పుడు గానీ రాలేదు.

మా బ్లాకు కింద కాఫీషాపులో దొరికాడు. ఎదుటి కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేశాడు, అంటే ఇంకెవరూ కూర్చోకుండా పట్టి ఉంచాడు, మా పాప నేర్పిన విద్య. టీ కలిపే అంకుల్ కప్పులు తీయడానికి వచ్చినట్టున్నాడు, నాయన అతన్ని నిలబెట్టి అరచేతిలో ఆ వస్తువును చూపిస్తున్నాడు. చిన్న మీటను ముందుకు నెట్టాడు, అది లోపల కూర్చుంది.

"ఇప్పుడు వేలు పెట్టబ్బా. నొక్కొద్దు, ఈక తగిలినట్టు తగిలించు సాలు" అంటున్నాడు తెలుగులో. ఆ అంకుల్‌కు ఒక్క ముక్క అర్థం కాకపోయినా వేలు చాచాడు. తగిలీ తగలకముందే మీట వెనక్కి ఎగిరింది. అంకుల్ నోరు తెరిచి నవ్వాడు. నాయన ముఖం నిండా వెలుగు. అంత గర్వంగా ఆయన్ని చూసి చాలా ఏళ్లైంది.

నేను వెళ్లి ఆ వస్తువును లాక్కుని పిడికిట్లో దాచుకున్నాను.

"టాయ్ ఆ?" అన్నాడు అంకుల్.

"టాయ్, అంకుల్" అన్నాను.

"యాం మ్మా, పూజ చేసిన వస్తువును అట్లా గుంజుకుంటారా?" అని నాయన లిఫ్టులో మొదలుపెట్టాడు. నేను పైనున్న కెమెరా వైపు కళ్లతో చూపించి, మాట్లాడొద్దని సైగ చేశాను. పిడికిలి తెరిచి చూసుకుంటే అరచేయంతా కుంకుమ అంటి ఎర్రగా ఉంది.

ఇంటికి రాగానే అడిగాను, ఎవరిదది అని. ఆయన తాపీగా కూర్చుని చెప్పాడు. మా తాత, అంటే నాయనకు నాయన, ఎప్పుడో తన చేత్తో ఒక పిస్టలు చేశాడట, మందు దట్టించి పేల్చేదే. అది మా జిల్లాలో ఒక పాత కుటుంబం దగ్గర లైసెన్సుతో భద్రంగా ఉంది. దాని మీట అరిగిపోయింది. ముందుకు నెట్టి సిద్ధం చేస్తే, ఆ తర్వాత వేలు తగిలితే చాలు పడిపోయే రకం. సెట్ ట్రిగ్గర్ అంటారు. మామూలు కొలతలో చేస్తే ఆ పిస్టల్లో పట్టదు, బాగా చిన్నది కావాలి. ఊళ్లో ఎన్నోసార్లు చేసి, కుదరక వదిలేశాడు. ఇక్కడ తీరిక దొరికింది, అల్లుడు మంచి ఉక్కు ఇచ్చాడు, ఇన్నాళ్లకు కుదిరింది.

"మీ తాత చేసిన దానిలో నేను చేసినది కూర్చుంటాది. పొయ్యేటప్పుడు పెట్టెలో ఏసుకోని పోతా. దానికి నువ్వింత అదరాల్నా?"

పెట్టెలో! ఎయిర్‌పోర్టులో! నేను నెత్తి పట్టుకున్నాను. అప్పుడే మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. టీ విరామంలో నా మెసేజ్ చూసి ఫొటో తీసేశాడట. షర్టు చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"తీసేశాను, అయిపోయింది. ఇక ఇది కూడా లేదనుకుందాం" అంటూ నా చేతిలోంచి దాన్ని తీసుకుని వంటింట్లోకి వెళ్లి, చెత్త పడేసే గొట్టం మూత తెరిచాడు. ఆ గొట్టంలో పడితే ఏదైనా నేరుగా కిందికి పోతుంది.

"అందరూ చూశారు కదండీ. ఎవరైనా ఫొటో దాచుకుని ఉంటే? రేపు అడిగితే పారేశామని చెబుదామా? దాచితే దొంగలమవుతాం."

"చెబితే?"

"చెబితే ఏమవుతామో నాకు తెలీదు."

మా ఆయన అల్లుడి మర్యాద మరచిపోయి మొదటిసారి గొంతు పెంచాడు. "మావయ్యగారూ, ఒక్క మాట ముందు చెప్పుండాల్సింది కదండీ! నా ఉద్యోగం, మా పీఆర్, పాప బడి, అన్నీ పోతాయండీ!"

"నువ్వు అడగల్యా గద నాయనా" అన్నాడు నాయన నిమ్మళంగా. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మా ఆయన గొట్టం మూత వేసి, నేల మీద కూలబడ్డాడు.

నేను చెప్పాను, మనమే పోలీసుల దగ్గరికి వెళ్లి ఇచ్చేద్దాం అని. నాయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నన్ను పట్టిస్తావా మ్మా? నా చేతికి గవర్మెంటు లైసెన్సు ఇచ్చినాది. ఒక రోజన్నా తప్పుడు పని చేసినానా?"

నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. "ఈడ నీ లైసెన్సు చెల్లదు నాయనా! ఈ దేశంలో తుపాకులకు ఉరేస్తారు, ఉరి!" అని అరిచాను.

నాయన లోపలికి వెళ్లి తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పెళ్లిచూపులకు బయలుదేరినట్టు శుభ్రంగా ఉన్నాడు. నాకు ఆయన వైపు చూసే ధైర్యం లేకపోయింది.

పోలీసు సెంటర్లో మమ్మల్ని చల్లగా ఉన్న ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. మా పాప పాత టిఫిన్ డబ్బాలో దూది వేసి పట్టుకెళ్లిన ఆ వస్తువును బల్ల మీద పెట్టాను. ఎదురుగా ఉన్న ఆఫీసరు నాకన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. అతను కేకలు వేసి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. అతను డబ్బాలోకి చూసి, చేయి పెట్టకుండా, ఇంకొకరిని పిలిచాడు. వాళ్లు మెల్లగా మాట్లాడుకుని వచ్చి అడిగారు, ఇది ఎవరు చేశారు, ఎక్కడ చేశారు, ఎందుకు చేశారు, తుపాకీ ఎక్కడుంది అని. ఆ ప్రశ్నలు మా నాయనకు తెలుగులో చెప్పమన్నారు నన్ను.

నేను నాయనకు ఆ మాటలు చెప్పలేదు. ఇది పాతకాలపు వస్తువు, ఊరి నుంచి తెచ్చాడు, ఏమిటో ఆయనకే తెలియదు అని ఇంగ్లిష్‌లో ఒక అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. అది చెప్పబోతున్నానని నాయనకు ఎలా తెలిసిందో మరి. బల్ల మీదికి వంగి, తన రెండు చేతులూ చాచి చూపించాడు.

"ఐ మేక్. మై హ్యాండ్. డాటర్ నాట్ నో. సన్-ఇన్-లా నాట్ నో" అన్నాడు.

ఆయన ఇంగ్లిష్ మాట్లాడటం నేను వినడం అదే మొదలు. ఆ వాక్యాలను దారంతా మనసులో కూర్చుకుంటూ వచ్చాడని అప్పుడు అర్థమైంది.

తర్వాత ఆయన్ని వేరే గదిలోకి తీసుకెళ్లారు. తెలుగు తెలిసిన మనిషి వచ్చేదాకా మేమిద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. మా ఆయన తన చేతులను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. ఆ తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చింది. సాయంత్రం నాయనను మాతో పంపించారు. పాస్‌పోర్టు, ఆ వస్తువు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. పిలిచినప్పుడు రావాలి, దేశం దాటకూడదు అన్నారు.

ఆ పిలుపు కోసం ఎదురుచూసిన రోజులు ఎలా గడిచాయో నేను సరిగ్గా చెప్పలేను. కాలింగ్ బెల్ మోగితే ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. పార్సిల్ తెచ్చిన కుర్రాళ్లు మా ముఖాలు చూసి వాళ్లే బెదిరిపోయి ఉంటారు. వాట్సాప్ గ్రూపులో ఎవరూ ఏమీ అనలేదు, ఆ ఫొటో ఊసే ఎత్తలేదు. ఆ మౌనం కూడా నాకు భయంగానే ఉండేది. వంటింటి వెనక ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. నాయన హాల్లో సోఫా చివర, బస్సులో పక్కవాళ్లకు చోటిచ్చినట్టు, ఒదిగి కూర్చునేవాడు. ఉరి అన్న మాటను వెనక్కి తీసుకోవాలని ఎన్నోసార్లు దగ్గరికి వెళ్లాను. అది నిజం కాదని చెప్పడానికి, నిజం ఏమిటో నాకూ తెలియదు.

చివరికి పిలిచారు. అంతా విచారించారు, మా జిల్లా నుంచి లైసెన్సు వివరాలు కూడా తెప్పించుకున్నారట. గట్టిగా హెచ్చరించి, ఇక్కడ ఇలాంటి పని ఇంకెప్పుడూ చేయకూడదని చెప్పి, పాస్‌పోర్టు ఇచ్చేశారు. ఆ వస్తువు మాత్రం తిరిగి రాదు అన్నారు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాయన ఆఫీసరుకు రెండు చేతులూ జోడించి, అతను పోవచ్చు అనేదాకా దించకుండా అలాగే నిలబడ్డాడు.

గండం గడిచిందని మా ఆయన ఆ రోజే స్వీట్లు తెచ్చాడు. నేనూ తిన్నాను. కానీ ఇంట్లో నాయన నోట ఒక కొత్త మాట మొదలైంది. "అమ్మా, దేవుడి కాడ దీపం ముట్టించొచ్చునా?" "అమ్మా, ఈ కిటికీ తెరిస్తే ఎవురన్నా ఏమన్నా అంటారా?" "కిందికి పోయి టీ తాగి రావొచ్చునా?" తన పంచెకు తానే సూదీ దారం పట్టేవాడు, ఆ సూది కూడా అడిగి తీసుకున్నాడు. ఊళ్లో ఎస్సై జీపు వచ్చి ఆగినా చేతిలో పని పూర్తి చేసి గానీ తలెత్తని మనిషి. ఆయనకు ఈ దేశం అంటే భయం ఉండాలని నేనే కదా కోరుకున్నాను. ఉంది ఇప్పుడు. దాన్ని చూడలేక నేను ఆఫీసు పని ఉందని గదిలో దూరేదాన్ని.

నాయన ఊరికి వెళ్లే రోజు మధ్యాహ్నం పెట్టె సర్దుతున్నాం. ఆకురాళ్లను ముట్టుకోనైనా లేదు, నీ దగ్గరే ఉండనీ మ్మా అన్నాడు. బట్టలు మడతపెట్టుకున్నాడు, మందులు పెట్టుకున్నాడు, పాప గీసిచ్చిన బొమ్మ పెట్టుకున్నాడు. తర్వాత గోళ్లు కత్తిరించుకునే చిన్న కట్టర్ చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

"ఇది పెట్టెలో ఏసుకోవచ్చునా మ్మా?"

"వేసుకో నాయనా. ఏం కాదు."

ఆయన వేసుకోలేదు. దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నీకు తెలుసో లేదో. ఎవురినన్నా ఒక మాట అడిగి చెప్పు."

నేను ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. ఊ, ఊ, అలాగే అండీ అని కాసేపు నాలో నేనే మాట్లాడుకుని, "వేసుకోవచ్చంట నాయనా" అన్నాను. అప్పుడు గానీ ఆయన పెట్టె మూయలేదు.